సీసం కుప్పలో తగరం

నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డెక్కింది. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సులవి. వాటిలో ఒకదాన్ని ముస్తాబు చేసి హైదరాబాద్ బస్ భవన్‌లో నిలబెట్టారు. జనం దాని రేడియేటర్ ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. రేడియేటర్‌కి దక్కిన ఆ మర్యాద మా బేరింగ్ జాతికి ఏనాడూ దక్కలేదు. మేం కనిపించామంటే ఇంజన్ విప్పారని అర్థం. ఇంజన్ విప్పారంటే తిట్లు మాకే.

నేను ఆ కాలపు ఓ బండిలో, కనెక్టింగ్ రాడ్డు కింది కొసన ఉండే వైట్ మెటల్ బేరింగ్‌ని. ఒంట్లో నూటికి తొంభై పాళ్ల దాకా తగరమే. మిగతాది ఆంటిమొనీ, రాగి. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ అనే కంసాలి ఈ మాదిరి లోహం కనిపెట్టాడు. మెత్తగా ఉండటమే నా ఉద్యోగం. ఆయిల్‌తో వచ్చిన ఇసుక నలుసుని నా ఒంట్లో దాచుకుని, క్రాంక్ షాఫ్ట్ మీద గీత పడకుండా కాస్తాను. ఆయిల్ అందకపోతే 240 డిగ్రీల దగ్గర నేనే కరగడం మొదలెడతాను. షాఫ్ట్ ఖరీదైనది కదా మరి!

అసలు షాఫ్ట్ నా మీద ఆనకూడదు. మధ్యన వెంట్రుక కంటే సన్నని ఆయిల్ పొర దాన్ని మోయాలి. 1883 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో బ్యూచాంప్ టవర్ రైలు ఇరుసుల బేరింగ్‌లను పరీక్షిస్తూ ఒకదానికి పైన బెజ్జం వేశాడు. ఆయిల్ ఉబికొచ్చింది. చెక్క బిరడా కొడితే దాన్నీ తోసేసింది. గేజి పెట్టి చూశాక తెలిసింది, బరువు మోస్తున్నది ఆయిలేనని. దాని లెక్క 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ కట్టాడు.

నన్ను పోతపోసిన సికింద్రాబాద్ మేస్త్రీకి ఆ లెక్కలు తెలియవు. కరిగిన లోహంలో పుల్ల ముంచేవాడు. అది గోధుమరంగుకి మాడితే పోసేవాడు, మండితే ఆగేవాడు. చల్లారాక చిన్న సుత్తితో తట్టి వినేవాడు. ఖంగుమంటే నా వెనకుండే ఇత్తడి చిప్పకి గట్టిగా అతుక్కున్నట్టు, మొద్దుగా పలికితే మళ్లీ కరిగించడమే. ఆ తర్వాత షాఫ్ట్‌కి నీలం పూసి, నాలో తిప్పి, అంటిన చోటల్లా స్క్రేపర్‌తో గీకేవాడు. ఒళ్లంతా సమంగా నీలం పడేదాకా వదిలేవాడు కాదు. అంత ఒద్దికగా నన్ను తాకినవాడు మళ్లీ దొరకలేదు.

ఆఖరి యజమాని ఆయిల్ ఎంతుందో చూసిన పాపాన పోలేదు. నేను టకటకా కొట్టుకుంటుంటే చిక్కటి ఆయిల్ పోయించి నా నోరు నొక్కాడు. కొన్నాళ్లకు సగం కరిగి అడుగుకి కారిపోయాను. అప్పుడైనా మేస్త్రీని పిలిచాడా? తోలు బెల్టు ముక్క కత్తిరించి నా చోట పెట్టించాడు! "ఇంటిదాకా పోతది, తియ్" అన్నాడు. పోయింది కూడా. కరిగినందుకు కాదు, ఆ తోలు ముక్క బండి నడిపినందుకే నాకు ఇప్పటికీ కడుపుమంట.

తర్వాత ఇంజన్లలోకి పలచని స్టీలు షెల్ బేరింగ్‌లు వచ్చాయి. పాతది తీసి కొత్తది పెట్టడమే, పోతపోసే పని లేదు. నేను చేతులు మారి యాప్రాల్‌లోని ఓ పాత సామాన్ల దుకాణంలో తేలాను. తిరుమలగిరి వైపు ఆర్మీ వాళ్లు బండ్ల మరమ్మతు నేర్చుకునే ఎంసీఈఎంఈ కాలేజీ ఉంది. అక్కడి పంతుళ్లెవరైనా ఇటొస్తే నన్ను పోల్చేవారేమో, రాలేదు. దుకాణం కుర్రాడు ఇత్తడిని మాత్రం ఇట్టే గుర్తుపట్టి ఒలుచుకున్నాడు. నాకు అయస్కాంతం ఆనించి, అంటకపోయేసరికి "సీసం" అని తేల్చేసి, చచ్చిన బ్యాటరీల ప్లేట్ల మీద పడేశాడు. తగరం ధర సీసానికి ఎన్నో రెట్లు. ఆ మాట చెప్పుకుందామనుకునేలోపే తూకం అయిపోయింది.