స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ వారికి బహిరంగ లేఖ

విషయం: ప్రతి పేపర్లో ఒక్క ప్రశ్నకు తమరు సెలవు తీసుకోవలసిందిగా విన్నపం.

మహారాజశ్రీ స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ వారి దివ్యసముఖానికి,

ఆళ్లగడ్డలో కాపురముంటూ నంద్యాలలో డిగ్రీ పాఠాలు చెప్పుకునే ఒక లెక్చరర్ నమస్కరించి రాయునది. వైస్ చాన్సలర్లు మారుతుంటారు. సిలబస్ మారింది, ఏడాది పరీక్షలు పోయి సెమిస్టర్లు వచ్చాయి. ఏ పాయింటుకు ఎన్ని మార్కులో ముందే రాసిపెట్టే తమరు మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే అర్జీ నేరుగా తమరికే పెట్టుకుంటున్నాను.

తమరి ఏలుబడి ఎంత చల్లగా సాగుతోందో ముందు మనవి చేస్తాను. స్పాట్ వాల్యుయేషన్లో ఒక బుక్‌లెట్ తెరిస్తే స్కెచ్ పెన్ను హెడ్డింగులు, వాటి కింద రెండేసి గీతలు, ఒక్కోదానికి నాలుగేసి వాక్యాలు. పక్క బుక్‌లెట్లోనూ అవే, అదే వరసలో, గైడులోని అచ్చుతప్పులతో సహా. మేం హెడ్డింగులు లెక్కపెట్టి టిక్కులు కొడతాం. ప్రశ్న పక్కన ‘ఎల్4, విశ్లేషణ’ అని అచ్చేసి ఉంటుంది. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం చదువుకు కట్టిన ఆరు మెట్లలో అది నాలుగోది. తమరు మార్కులిచ్చేది మాత్రం మొదటి మెట్టుకే, జ్ఞాపకానికి.

2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అయ్యాక బట్టీకి గిరాకీ ఇంకా పెరిగింది. శనగచేను గురించి తెలుగులో గంటసేపు వాదించగల పిల్లవాడు పరీక్షలో గైడు వాక్యాన్నే నమ్ముకుంటాడు. వాణ్ని తప్పుపట్టలేం. తమరికి నచ్చేది అదేనని వాడికి తెలుసు.

ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర పని నేర్చుకునే కుర్రాణ్ని ‘మంచి రాయికి ఐదు లక్షణాలు రాయుము’ అనరు. సుత్తితో తట్టి చెప్పమంటారు. ఖంగుమంటే ఉలి పెట్టొచ్చు. బోలుగా పలికితే లోపలెక్కడో పగులున్నట్టే. విని తేల్చుకోవడమే అక్కడ పరీక్ష. తప్పు తేల్చుకుంటే, ముక్కు చెక్కేనాడు రాయే చెబుతుంది.

మా చుట్టుపక్కల అలాంటి ప్రశ్నలకు కరువు లేదు. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడ పుట్టిన ఎన్‌బీఈజీ 47 శనగ, అంటే ‘ధీర’, నిటారుగా ఎత్తు పెరుగుతుంది. మామూలు శనగ పొట్టిది, కాయలు నేలకు దగ్గరగా ఉండి కోతమిషన్‌కు సరిగా అందవు. శాస్త్రీయ నామం రాయమనే బదులు, ‘మొక్క ఎత్తు పెంచాల్సిన అవసరం ఎందుకొచ్చింది? దానివల్ల ఎవరి ఖర్చు తగ్గింది, ఎవరి కూలి పోయింది?’ అని అడగొచ్చు కదా.

యాగంటి గుళ్లోని రాతి నంది, బసవయ్య, పెరుగుతున్నాడని జనం చెప్పుకుంటారు. నమ్ముతావా అని అడగక్కర్లేదు. ‘ఎక్కడి నుంచి ఎక్కడికి, దేనితో, ఎన్నేళ్లకోసారి కొలుస్తావు? కొలతలో తేడా ఎంత రావచ్చు?’ అంటే చాలు, ఫిజిక్స్ పేపరుకు నిండుదనం వస్తుంది.

ఇక చరిత్ర. దొరల మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఈస్టిండియా కంపెనీవాళ్లు 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన తిరుగుబాటుకు కారణాలు రాయమంటే ఆగిన పింఛను, కట్టుబడుల మాన్యాలు పోవడం అని పాయింట్లు టపటపా రాలతాయి. ‘దొరల కాగితాల్లో నేరస్థుడు, జనం పాటల్లో వీరుడు. ఏ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్ముతావు, ఎందుకు?’ అని ఎవరూ అడగరు. అడక్కుండానే ఒకమ్మాయి ఒక పేజీ రాసింది. తమరి పాయింట్లలో దేనికీ అది అతకలేదు. పదికి నాలుగు పడ్డాయి.

తమరెందుకు పుట్టారో తెలియక కాదు. మార్కులేసేవాడి ఇష్టాయిష్టాలకు, కులానికి, పలుకుబడికి పేదపిల్లలు బలికాకూడదనే. ఆ మేలు మరిచేది కాదు. కాకపోతే తమరి కొలతకు నూటికి నూరు సరిపోయే విద్యార్థి ఇన్నాళ్లకు దొరికాడు. వాడు సెల్‌ఫోన్లో ఉంటాడు, పేరు చాట్‌జీపీటీ. పాయింట్లన్నీ వాడు క్షణంలో ఒప్పజెబుతుంటే, మా పిల్లల చేత అదే పని మూడేళ్లు చేయించడం దేనికి?

కాబట్టి పేపరుకు ఒక్క ప్రశ్న మాకు వదిలేయండి. దాన్ని ఇద్దరు విడివిడిగా దిద్దుతాం. విద్యార్థి ఏ ఆధారం చూపాడు, ఎక్కడ అనుమానపడ్డాడు, ఏది రుజువైతే మాట మార్చుకుంటానన్నాడు అన్న మూడింటికే మార్కులు. జవాబు మాకు నచ్చిందా లేదా అన్నదానికి సున్నా.

ఈ అర్జీ చూసి తమరు బెదరాల్సిన పనిలేదు. తమరు సెలవు పెట్టిన ఆ ఒక్క ప్రశ్నకు టిక్కులు కొడితే కుదరదు, జవాబు మొత్తం చదవాలి. ఆ సెలవు మంజూరు కాకుండా అడ్డుపడితే మా లెక్చరర్లే పడతారు.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక డిగ్రీ లెక్చరర్, ఆళ్లగడ్డ