సగం లేని లెక్క

1909లో షికాగో విశ్వవిద్యాలయంలో హార్వే ఫ్లెచర్ అనే పరిశోధక విద్యార్థి మందుల దుకాణానికెళ్లి అత్తరు చిమ్మే సీసా, కాస్త గడియారాల నూనె కొనుక్కొచ్చాడు. రెండు లోహపు పలకల మధ్యకు ఆ నూనె చిమ్మి, పక్కనుంచి వెలుగు వేసి చూస్తే బొట్లు తళతళలాడాయి. పలకలకు విద్యుత్తు కలపగానే కొన్ని బొట్లు పైకి, కొన్ని గబగబా కిందికి! మర్నాడు గురువు రాబర్ట్ మిల్లికన్‌ను పిలుచుకొచ్చి చూపించాడు. అంతకుముందు వాడిన నీటి బొట్లు చూస్తుండగానే ఆవిరైపోయేవి. నూనె బొట్టు ఒక్కదాన్నే గంటల తరబడి ఎక్కించి దించవచ్చు. (నూనె ఆలోచన ఎలా పుట్టిందో ఇద్దరూ చెప్పిన కథలు మాత్రం ఒకదానికొకటి అతకవు.)

బొట్టు మీది విద్యుదావేశం మారినప్పుడల్లా దాని వేగం ఒక్క గెంతు గెంతేది. ఆ గెంతులను బట్టి లెక్కిస్తే, ఆవేశంలో మార్పు ఎప్పుడూ ఒకే చిన్న మొత్తానికి ఒక రెట్టో, రెండు రెట్లో, మూడు రెట్లో. ఆ చిన్న మొత్తానికి ఇవాళ్టి విలువ 1.602 × 10⁻¹⁹ కూలూంబ్. ఒకటిన్నర మాత్రం ఎప్పుడూ లేదు.

1910లో మిల్లికన్ తనే శిష్యుడి ఇంటికొచ్చాడు. పసిబిడ్డ ఉన్న ఇల్లు. డాక్టరేటుకు ఇచ్చే పత్రం మీద విద్యార్థి పేరొక్కటే ఉండాలని నియమం. కాబట్టి బ్రౌనియన్ చలనం (గాలి అణువుల తాకిడికి బొట్టు అటూ ఇటూ కదలడం) మీది పత్రం నీ ఒక్కడి పేర, ఆవేశం విలువ తేల్చిన పత్రం నా ఒక్కడి పేర అన్నాడు. ఆ పత్రంలో తన పేరూ ఉంటుందనే ఫ్లెచర్ అనుకున్నాడు. అయినా చదువు పూర్తి కావాలంటే సంతకం పెట్టాల్సిన గురువుతో ఏం వాదిస్తాడు? ఒప్పుకున్నాడు.

1923లో నోబెల్ మిల్లికన్‌కు వచ్చింది. కాంతి విద్యుత్ ఫలితం మీద చేసిన పనికి కూడా కలిపి ఇచ్చారు లెండి. ఫ్లెచర్ బెల్ ల్యాబ్స్‌లో శబ్దం, వినికిడి మీద పనిచేసి పేరు తెచ్చుకున్నాడు. పాత సంగతి రాసిపెట్టి, నేను పోయాకే అచ్చు వేయించమని ఒక స్నేహితుడి చేతికిచ్చాడు. 1981లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది ‘ఫిజిక్స్ టుడే’ పత్రికలో అది వచ్చింది.

రాసినది ఫ్లెచర్ ఒక్కడే. శీర్షిక: ‘నూనె బొట్టు ప్రయోగంలో మిల్లికన్‌తో నా పని’.