నయాగరమ్మ వీసా ఇంటర్వ్యూ

ఏ దేశం పౌరులు ఆ దేశంలోనో, లేదంటే కాపురమున్న చోటో మాత్రమే వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలని 2025 సెప్టెంబరు 6న అమెరికా విదేశాంగ శాఖ సెలవిచ్చింది. కాపురమున్నామని నోటితో చెబితే చాలదు, రుజువు చూపాలి. చూపలేకపోతే కట్టిన ఫీజు కృష్ణార్పణం. బ్యాంకాక్ వెళ్లి ముద్ర వేయించుకుని అటునుంచి అటే విమానమెక్కే మనవాళ్ల దారి మూసుకుపోయిందని పత్రికలు బాధపడ్డాయి. ఆ బాధ వాళ్లను పడనివ్వండి. నన్ను పీడిస్తున్న సందేహం వేరు. నయాగరా జలపాతం సంగతేమిటి?

ఆ నీళ్లకు పౌరసత్వం లేదు, స్థిరనివాసం అంతకన్నా లేదు. సుపీరియర్‌లోనో, పూర్తిగా అమెరికాలోనే ఉన్న మిషిగన్‌లోనో కొన్నాళ్లు, ఆపైన హ్యూరన్‌లో కొన్నాళ్లు తిరిగి ఈరీ సరస్సు చేరతాయి. అక్కడ నదిగా బయల్దేరి, కొంత అమెరికా వైపు, చాలావరకు కెనడా వైపు దూకి ఒంటారియో సరస్సులో పడతాయి. వేల ఏళ్లుగా ఇదే వరస. ఇంతవరకు ఎవరూ కాగితం అడగలేదు! రూలంటే రూలే కాబట్టి పిలిపించాల్సిందే. ఆ సెప్టెంబరు 2 నుంచి చంటిపిల్లలూ పండుముసలివాళ్లూ సహా దాదాపు అందరూ ఇంటర్వ్యూకు రావాల్సిందే కదా, వయసు పేరుతో తప్పించుకోవడానికీ లేదు.

టొరాంటోలోని అమెరికా కాన్సులేట్లో, కౌంటర్ అద్దం ముందు నయాగరమ్మ నిలబడింది.

“ఎక్కడ ఉంటావమ్మా?”

“ఎక్కడా ఉండను బాబూ. పోతూ ఉంటాను.”

“అడ్రసు రుజువు కావాలి. కరెంటు బిల్లుందా?”

“బిల్లెక్కడిది నాయనా, కరెంటు ఇచ్చేదే నేను. రెండు దేశాలకీ.”

అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు. “టూరిస్టు వీసా అడుగుతూ ఉద్యోగం చేస్తున్నావా?”

“పగలు టూరిస్టుల కోసమే దూకుతాను. 1950లో మీ రెండు దేశాలూ సంతకాలు పెట్టుకున్నాయి. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, జనం చూసే వేళల్లో సెకనుకు లక్ష ఘనపుటడుగులకు తగ్గకుండా దూకాలి. రాత్రిళ్లూ చలికాలమూ అందులో సగం చాలు. మిగిలిన నీళ్లతో టర్బైన్లు తిప్పుకోవచ్చు, చెరిసగం.”

“అంటే, రాత్రి షిఫ్టు. వర్క్ పర్మిట్ లేదు.” రాసుకున్నాడు. “ఇదివరకు ఎప్పుడైనా నిన్ను రానివ్వలేదా?”

“1969లో, బాబూ. మీ సైనిక ఇంజనీర్లే అడ్డుకట్ట వేసి అమెరికా వైపు దూకనివ్వలేదు. కొన్ని నెలలు బండలు బయటపడి ఉన్నాయి. జనం టిక్కెట్టు తీసుకున్నంత శ్రద్ధగా వాటినీ చూసిపోయారు.”

“గత అయిదేళ్ల సోషల్ మీడియా ఖాతాలు?”

“నాకు లేవు. హనీమూన్‌కొచ్చిన వాళ్ల ఖాతాలన్నిట్లో ఉన్నది మాత్రం నేనే.”

“అమెరికాలో నీవాళ్లెవరైనా ఉన్నారా?”

“నాలో కొంత అక్కడే ఉంది గదయ్యా.”

“అదే మా అనుమానం. చివరి ప్రశ్న. పని చూసుకుని తిరిగి వస్తావా?”

“దూకిన నీళ్లు మళ్లీ పైకెక్కడం ఎక్కడైనా చూశావా?”

ఇంకేముంది, సెక్షన్ 214(బి). వచ్చిన ప్రతివాడూ అక్కడే తిష్ట వేయడానికి వచ్చాడనుకోవాలి, కాదని రుజువు చేసుకోవడం వాడి ఖర్మ. చట్టం చెప్పేది అదే. నయాగరమ్మ చేతికి తిరస్కరణ కాగితం ఇచ్చారు. అది తడిసి ముద్దయింది. ఆమె రెండు దేశాలనూ కలిపే రెయిన్‌బో బ్రిడ్జి కిందుగా ఎప్పటిలాగే వెళ్లిపోయింది.

వంతెన మీదుగా వెళ్లాల్సిన తెనాలి మనిషి మాత్రం వెళ్లలేడు.

అతనిది టొరాంటో పక్కనున్న మిస్సిసాగా. చేతిలో కెనడా పీఆర్ (శాశ్వత నివాసం), భారత పాస్‌పోర్టు. సొంత అన్న అమెరికా వైపు బఫెలోలో. గ్రీన్ కార్డు, అదే భారత పాస్‌పోర్టు. అన్నకు తమ్ముణ్ని చూడాలనిపిస్తే ఆ రెండూ జేబులో పెట్టుకుని కారెక్కుతాడు, కెనడా వీసా అడగదు. తమ్ముడికి అన్నను చూడాలనిపిస్తే డీఎస్-160 దరఖాస్తు నింపాలి, 185 డాలర్లు కట్టాలి, ఇంటర్వ్యూ తేదీ కోసం వెబ్‌సైటు ముందు జాగారం చేయాలి. ఆనక అద్దం ముందు నిలబడి, తిరిగి కెనడాకే వస్తానని నమ్మించాలి. ఇల్లు, ఉద్యోగం, బడికెళ్లే పిల్లలు అన్నీ అక్కడే ఉన్నవాడు! పీఆర్ నిలబడాలంటే అయిదేళ్లలో రెండేళ్లు కెనడాలోనే ఉండి తీరాల్సినవాడు! అన్నకు గుండె ఆపరేషన్ అయితే డాక్టరు ఉత్తరం జతచేసి అత్యవసర అపాయింట్‌మెంట్ అడుక్కోవచ్చు. ఇస్తే ఇస్తారు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. నివాసం రుజువు చేసుకోమన్నారు, చేసుకున్నాడు. ఆ రుజువు దేనికి పనికొచ్చిందయ్యా అంటే, ఏ క్యూలో నిలబడాలో చెప్పడానికి. అసలు క్యూలో నిలబడాలా వద్దా అన్నది తేల్చేటప్పుడు ఆ నివాసానికి పూచికపుల్ల విలువ లేదు, పాస్‌పోర్టు ఎవరిదన్నదే లెక్క. ఇదే మనిషి రేపు కెనడా పౌరసత్వం తీసుకుంటే చుట్టపుచూపుగా అమెరికా వెళ్లడానికి వీసా మాటే ఉండదు. అదే ముఖం, అదే జీతం, అదే అన్న. నిన్నటిదాకా ప్రమాదకరమైనవాడు పొద్దున్నే ఎలా మంచివాడయ్యాడు? మరి మీరు ఇన్నాళ్లూ పరీక్షించింది ఎవర్ని? దీన్ని భద్రత అని పిలవకండి. ఇది ఫలానా దేశపు పాస్‌పోర్టు ఉన్నందుకు జరిమానా.

జరిమానా తప్పించుకునే దారి ఒకటుంది. రెండు పౌరసత్వాలు మన చట్టం ఒప్పుకోదు కాబట్టి, కెనడా పాస్‌పోర్టు తీసుకున్నవాడు మన పాస్‌పోర్టు సరెండర్ చేయాలి. తర్వాత కన్నతల్లిని చూడ్డానికి వీసాకో ఓసీఐ కార్డుకో ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి. రెండు గంటల కారు ప్రయాణం చేసి బఫెలోలో అన్నం తినాలంటే తెనాలిలో విదేశీయుడు కావాలన్నమాట. ఈ షరతు వాషింగ్టన్ ఏ ఫారంలోనూ అచ్చువేయదు. అచ్చువేసే ధైర్యం దానికి లేదు, అడిగే ధైర్యం ఢిల్లీకి లేదు.