నేను మొదటి పుస్తకాన్ని కాను

నేను 1978లో పుట్టాను. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, మరే హిల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్ ఉద్యోగులు బ్రయన్ కెర్నిగన్, డెనిస్ రిచీ నన్ను రాశారు. సి భాషను తయారు చేసింది రిచీయే. అట్ట మీద నా పేరు 'ద సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' అని ఉన్నా, లోకం నన్ను పిలిచేది మాత్రం రచయితల ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో, 'కె అండ్ ఆర్' అని. 1988లో నా రెండో కూర్పు వచ్చింది. మూడోది రాలేదు. ప్రెంటిస్ హాల్ ఆఫ్ ఇండియా వాళ్లు చౌక ధరలో అచ్చు వేయడంతో మన ఇంజనీరింగ్ కాలేజీల లైబ్రరీలకూ వచ్చి చేరాను. ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో బొత్తిగా తెలియని పిల్లవాడు 'మొదట ఏ పుస్తకం కొనాలి' అని అడిగితే, నా పేరు చెప్పే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు నా మీద చూపే గౌరవానికి సంతోషమే గానీ ఆ సలహా తప్పని చెప్పడానికి నాకంటే అర్హులెవరు? పేరు చూసి, భాష చూసి మొదటి పుస్తకాన్ని ఎంచుకోకూడదని నా వాదన. ఆ పుస్తకం ఎవరిని ఉద్దేశించి రాశారో, అందులోని ప్రోగ్రాములు ఈరోజు మీ ముందున్న మెషీన్ మీద నడుస్తాయో లేదో చూసి ఎంచుకోవాలి. ఈ రెండు పరీక్షల్లోనూ నేను తప్పుతాను.

మొదటి పరీక్షకు సాక్ష్యం నా ముందుమాటలోనే ఉంది. ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు దిద్దించడం ఈ పుస్తకం పని కాదని, వేరియబుల్ అంటే ఏమిటో, లూప్ అంటే ఏమిటో, ఫంక్షన్ అంటే ఏమిటో కొంత తెలిసినవాళ్ల కోసమని నా రచయితలు అక్కడే చెప్పేశారు. అయినా ఆ పుట చదవకుండా దాటేసేవాళ్లే ఎక్కువ. మన దగ్గర ముందుమాటంటే ఎవరో పెద్దమనిషి రాసిచ్చిన ఆశీస్సు అనే అభిప్రాయం ఉంది కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. సాంకేతిక పుస్తకానికి వచ్చేసరికి మాత్రం రచయిత పాఠకుడితో చేసుకునే ఒప్పందం అక్కడే ఉంటుంది. పైగా నేను సన్నగా ఉంటాను. రెండో కూర్పుకి 272 పుటలే. షాపులో పక్కన వెయ్యి పుటల లావుపాటి పుస్తకం ఉంటే చెయ్యి నా మీదికే వస్తుంది. నేను సన్నగా ఉన్నది విషయం తేలిక కావడం వల్ల కాదు. సగం విషయం పాఠకుడి తలలో ముందే ఉందని నమ్మి రాశారు కాబట్టి. వంటల పుస్తకంలో 'ఉప్పు తగినంత' అన్న మాట వండటం వచ్చినవాళ్లకే అర్థమైనట్టు, నా క్లుప్తత కూడా తెలిసినవాళ్లకే ముచ్చట.

ఎంత ముందే తెలిసి ఉండాలో చూడండి. నా మొదటి ప్రోగ్రాము 'హలో వరల్డ్' అని తెరమీద చూపిస్తుంది. రెండోది ఫారెన్‌హీట్ డిగ్రీలను సెల్సియస్‌లోకి మార్చే పట్టిక. ఇంతవరకూ కొత్తవాళ్లు కూడా పట్టుకుని నడవగలరు. తరువాత, ఇరవయ్యో పుట రాకముందే, కీబోర్డు నుంచి ఒక్కో అక్షరాన్ని తీసుకుని తిరిగి అచ్చు వేసే ప్రోగ్రాము వస్తుంది. అక్షరాన్ని దాచుకునే వేరియబుల్‌ని అక్షరం రకంగా కాక పూర్ణాంకంగా ప్రకటించాలంటాను. ఎందుకంటే ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్ అనే గుర్తు ఏ అక్షరంతోనూ కలవకూడదు, అదీ ఆ వేరియబుల్‌లో ఇమడాలి. ఆ వెంటనే, విలువను వేరియబుల్‌లో పెట్టడం, ఆ విలువను పోల్చి చూడడం రెండూ ఒకే వాక్యంలో, లూపు షరతు లోపలే చేయిస్తాను. పని తెలిసినవాళ్లకు ఇది అందం. నిన్ననే వేరియబుల్ గురించి విన్నవాళ్లకు మూడు కొత్త సంగతులు ఒకేసారి మీదపడ్డట్టు. ఇంకో చిక్కు ఏమిటంటే, ఇన్‌పుట్ అయిపోయిందన్న గుర్తును కీబోర్డు నుంచి పంపే పద్ధతి మెషీన్‌ని బట్టి మారుతుంది. యూనిక్స్‌లో కంట్రోల్ డి, విండోస్‌లో కంట్రోల్ జెడ్ కొట్టి ఎంటర్. అది తెలియకపోతే, అక్షరాలు లెక్కపెట్టే ప్రోగ్రాముకి ఎంత టైపు చేసినా జవాబు రాదు. ప్రోగ్రాము బాగానే ఉంటుంది. కొత్తవాళ్లు మాత్రం తమకు బుర్ర లేదనుకుని లేచి వెళ్లిపోతారు.

రెండో పరీక్షలో నా పరిస్థితి ఇంకా కష్టం. నా మొదటి ప్రోగ్రాములో మెయిన్ అనే ఫంక్షన్‌కి ముందు ఏ రకం విలువ తిరిగిస్తుందో రాసి ఉండదు. రాయకపోతే పూర్ణాంకమని అనుకోవడం అప్పటి రివాజు. 1999 నాటి సి ప్రమాణం ఆ వెసులుబాటును తీసేసింది. చాలా ఏళ్లు కంపైలర్లు హెచ్చరికతో సరిపెట్టాయి గానీ, 2024లో వచ్చిన జీసీసీ 14 అనే కంపైలర్ దాన్ని తప్పుగానే లెక్కగట్టి కంపైల్ చేయడం మానేసింది. అంటే నన్ను చూసి ఉన్నదున్నట్టు టైపు చేసిన మొట్టమొదటి ప్రోగ్రామే ఆగిపోతుంది! మొదటి అధ్యాయంలోనే గెట్‌లైన్ అనే ఫంక్షన్‌ను పాఠకుడి చేత రాయిస్తాను. అదే పేరుతో వేరే ఫంక్షన్ ఇప్పటి లైనక్స్ లైబ్రరీలో ముందే ఉంది కాబట్టి కంపైలర్ రెండింటికీ పొత్తు కుదరడం లేదంటుంది. అనుభవం ఉన్నవాళ్లు పేరు మార్చుకుని అర నిమిషంలో ముందుకు పోతారు. కొత్తవాళ్లకు తప్పు పుస్తకానిదో, తమ వేళ్లదో, కంప్యూటర్‌దో తేల్చుకునే దారే ఉండదు. ఇది నా ఒక్కదాని రోగం కాదు. పైథాన్ 2 కాలంలో అచ్చయిన పుస్తకాల్లో ప్రింట్ అన్న మాట పక్కన బ్రాకెట్లు ఉండవు. పైథాన్ 3లో ఆ మొదటి వరుసే నడవదు. పైథాన్ 2కి మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది, పాత పుస్తకాల షాపుల్లో మాత్రం ఆ పుస్తకాలు ఇంకా దొరుకుతున్నాయి.

'మేమంతా దీన్ని చదివే నేర్చుకున్నాం కదా' అని సీనియర్లు అంటారు. నిజమే, నేర్చుకున్నారు. అయితే నా దగ్గరికి వచ్చి మధ్యలో వదిలేసినవాళ్లు ఇప్పుడు సలహాలివ్వడానికి ఈ రంగంలో లేరు. నెగ్గినవాళ్ల సాక్ష్యమొక్కటే మన చెవిన పడుతోంది. ఆ నెగ్గినవాళ్లలోనూ చాలామంది నా దగ్గరికి రాకముందే బేసిక్‌లోనో, ఫోర్‌ట్రాన్‌లోనో, పాస్కల్‌లోనో చెయ్యి తిరిగినవాళ్లు. నా ముందుమాట కోరింది సరిగ్గా అలాంటి పాఠకుణ్ణే.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. సి నేర్చుకుంటే మెమరీ ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది, పునాది గట్టిపడుతుంది, కాబట్టి కష్టమైనా దానితోనే మొదలుపెట్టాలంటారు. పునాది మాట కాదనను, ఆ మాట మీదే బతుకుతున్నదాన్ని. కాకపోతే కొత్తవాళ్లు తడబడేది మెమరీ దగ్గర కాదు, అంతకంటే ముందే. 2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ బృందం పలు విశ్వవిద్యాలయాల్లో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు చదివిన విద్యార్థుల చేత ప్రోగ్రాములు రాయించి చూస్తే, 110 మార్కులకు సగటు 23 కూడా రాలేదు. 2004లో రేమండ్ లిస్టర్ బృందం ఏడు దేశాల విద్యార్థులను పరీక్షించి ఇంకో సంగతి బయటపెట్టింది: చాలామందికి రాయడమే కాదు, ఎదుట ఉన్న చిన్న ప్రోగ్రామును వరుసవరుసగా చదివి ఏ వేరియబుల్‌లో ఏ విలువ ఉంటుందో చెప్పడమూ రావడం లేదు. చదవడం రానిదే రాయడం రాదు. కాబట్టి మొదటి పుస్తకం తప్పనిసరిగా చేయించవలసిన పని ఒకటుంది: ప్రోగ్రాము నడిపే ముందు జవాబు ఊహించి కాగితం మీద రాయించడం, తరువాత నడిపించి పోల్చి చూపించడం. ఈ పనికి మెమరీ చిరునామాలను పట్టుకునే పాయింటర్లు అక్కర్లేదు.

ఉదాహరణల విషయమూ చెప్పాలి. 1985లో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ బీజగణితం మీద చేసిన ప్రయోగాల్లో, కొత్తగా నేర్చుకునేవాళ్లకు లెక్క ఇచ్చి వదిలేయడం కన్నా చేసి చూపించిన లెక్కలను అధ్యయనం చేయించడమే ఎక్కువ ఉపకరించింది. నాలో అభ్యాసాలు వందకు దగ్గరగా ఉన్నాయి, జవాబులు లేవు. అందుకే టోండో, గింపెల్ అనే ఇద్దరు జవాబుల కోసం 'ద సి ఆన్సర్ బుక్' అనే వేరే పుస్తకమే రాయవలసి వచ్చింది. అయితే ఒక్క విషయంలో గర్వపడతాను. నా మొట్టమొదటి అభ్యాసం ఏమంటుందంటే, ప్రోగ్రాము నడిపించండి, తరువాత అందులోంచి ఒక్కో ముక్క తీసేసి కంపైలర్ ఏమని తిడుతుందో చూడండి అని. తప్పు చేసి చూడటమే పాఠమనే ఆ పద్ధతి ఉన్న పుస్తకం ఏ భాషదైనా, దాన్ని నమ్మవచ్చు.

సిలబస్‌లో సి ఉంది కదా, ఏం చేయమంటారని ఫస్టియర్ విద్యార్థులు అడగవచ్చు. వాళ్లకు తప్పించుకునే వీలు లేదు, ఒప్పుకుంటాను. కానీ 2018 నాటి అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నమూనా సిలబస్‌నే తిరగేయండి. 'ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్' కింద పాఠ్యపుస్తకాలుగా గాట్‌ఫ్రీడ్, బాలగురుసామి రాసినవి పెట్టి, నన్ను రిఫరెన్స్ వరసలోకి నెట్టారు. నాకేం చిన్నతనం లేదు, నా చోటు అదే. ఆ విద్యార్థుల్లో తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లీషు భయం కూడా ఉంటుంది. నేను చెప్పే సి భాషలో ప్రత్యేక పదాలు 32 మాత్రమే, వాటికి ఇంగ్లీషు పండితులు కానక్కర్లేదు. కష్టమంతా వాటిని వివరించే వాక్యాల్లో ఉంది. పొట్టి వాక్యాలతో, ఎక్కువ ఉదాహరణలతో రాసిన పుస్తకం వాళ్లకు నాకన్నా దగ్గరవుతుంది.

వీడియోలుండగా పుస్తకం ఎందుకంటే, వీడియో తన వేగంతో తను పోతుంది, చూసినంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. అడిగితే ప్రోగ్రాము రాసిపెట్టే కృత్రిమ మేధ వచ్చిందంటే, అది రాసినదాంట్లో తప్పుందో లేదో తేల్చడానికైనా చదవడం రావాలి కదా. ఇంతకుమించి ఈ రెండింటి గురించి వాదన పెంచను.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే నా రచయితనే చూడండి. ప్రిన్స్‌టన్‌లో కంప్యూటర్ విద్యార్థులు కానివాళ్లకు పాఠం చెప్పే కెర్నిగన్, అలాంటి పాఠకుల కోసం 2017లో 'అండర్‌స్టాండింగ్ ద డిజిటల్ వరల్డ్' అనే పుస్తకం రాశాడు. అందులో ప్రోగ్రామింగ్ రుచి చూపించడానికి జావాస్క్రిప్ట్ వాడాడు, 2021 కూర్పులో పైథాన్‌నూ చేర్చాడు. ఆ పనికి సిని ఎంచుకోలేదు. నన్ను రాసిన చెయ్యే కొత్తవాళ్ల దగ్గరికి వచ్చేసరికి నన్ను పక్కన పెట్టిందంటే ఇక వేరే సాక్ష్యం దేనికి?

కాబట్టి పరీక్షల ఒత్తిడి లేని కొత్తవాళ్లు అలెన్ డౌనీ 'థింక్ పైథాన్', ఆల్ స్వైగార్ట్ 'ఆటోమేట్ ద బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్' ముందుపెట్టుకుని పోల్చుకోండి. రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు, రెండూ ఏమీ తెలియనివాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవే. లెక్కల వాసన, కంప్యూటర్ శాస్త్రం ఇష్టమైతే మొదటిది, ఫైళ్లు సర్దడం లాంటి రోజువారీ పని చేయించుకోవాలంటే రెండోది. డబ్బు పెట్టి ఏ పుస్తకం కొనే ముందైనా ముందుమాట చదవండి, ఏ సంవత్సరపు కూర్పో చూడండి, మొదటి మూడు ప్రోగ్రాములు మీ మెషీన్ మీద స్వయంగా టైపు చేసి నడిపించండి. నడవకపోతే ఎంత పేరున్న పుస్తకమైనా షాపులోనే వదిలేయండి.