కౌన్సెలింగ్ కాక

ఇంటర్ ఫలితాలు రాగానే చందుర్తిలో కాకకు చేతినిండా పని. దుబాయి నుంచి తిరిగొచ్చి ఏండ్లయినా ఆయన చేతికి గడియారం, నోటికి అధికారం అట్లాగే ఉన్నాయి. ఎవరి పిల్ల ఏం చదవాలో హోటల్లో చాయ్ చల్లారేలోపు తేల్చేస్తాడు. ర్యాంకొస్తే ఇంజనీరింగు. రాకపోతే మేనేజ్‌మెంటు కోటాలో ఇంజనీరింగు. మరీ మొండికేస్తే దోస్త్ ఆన్‌లైన్ అడ్మిషన్లలో డిగ్రీ. ఎంసెట్‌ను ఎప్‌సెట్ అనడం ఆయనకింకా ఇష్టంలేదు. ఇలాంటి కాకలు కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా ఊరికొకరుంటారు.

ఈసారి బీడీలు చుట్టే అక్క బిడ్డ వచ్చి, బెంగళూరు అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో బీఏ చదువుతానంది.

“బీఏ కోసం బెంగళూరా? మన అగ్రహారం కాలేజీల బీఏ అయిపోయిందా?”

“అక్కడ ఎకనామిక్స్ తీసుకున్నా చరిత్ర, ఫిలాసఫీ కూడా చదవొచ్చు కాకా. వ్యాసాలు రాయాలె, క్లాసుల వాదించాలె.”

“విప్రో ఆయనదే గద? అయితే నౌకరి పక్కా!”

“విప్రోకు మనుషులను తయారుచేసే కాలేజీ కాదు కాకా.”

“మరి ఫీజు?”

“ఇంటి ఆదాయం చూసి మాఫీ చేస్తరట. హాస్టల్ ఖర్చు సుత.”

కాక గ్లాసు కింద పెట్టాడు. ఊరికే ఇచ్చేవాళ్లను నమ్మే అలవాటు ఆయనకు లేదు. ‘దీని వెనుక సంగతి చెప్తా’నంటూ మొదలుపెట్టి, బతుకమ్మ చీరల ఆర్డర్లు లేకుంటే సిరిసిల్ల మగ్గాలు ఎందుకాగుతాయో, గల్ఫ్ జీతం గల్ఫ్‌లోనే ఎందుకు కరుగుతుందో, వేములవాడ చాళుక్యులు ఎవరో, రాజన్నకు కోడెను కట్టేది దేవుడి కోసమా మన కోసమా అన్నదాకా వెళ్లాడు. చాయ్ రెండుసార్లు వచ్చింది. ఆ పిల్ల నోరు తెరుస్తుందా, పది పేజీల ఇంగ్లీషు ముందు కూర్చుంటుందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నిజానికి అడగాల్సింది అదే.

పిల్లే చెప్పింది: “నాకు లెక్కలంటే పానం కాకా. నలుగుట్ల మాట్లాడాల్నంటే మాత్రం భయం. అందుకే అడుగుదామని వచ్చిన. నిన్ను చూస్తే గా సీటు నీకే సరిపోయేటట్టున్నది.”

హోటలంతా నవ్వింది. కాక నవ్వలేదు. అద్దాలు సవరించుకొని, పిల్ల ఫోను అందుకున్నాడు.

“వయసు ఎంతదాకా తీసుకుంటరో గిండ్ల రాసిండ్రా బిడ్డా?”