డబ్బాలో డబ్బా

హైదరాబాద్‌లో ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం చౌరస్తా దాకా ఏ కాలనీలో దిగినా ఒక వీఎం అన్న ఉంటాడు. ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు ఏదైనా కానీ, కాలనీ పెట్టిన పేరు ఇదే. వయసు నలభైకి అటో ఇటో. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఏదో కంపెనీలో స్టోర్సు చూస్తుంటాడు, లేదంటే ఉప్పల్‌లో ఏదో బీపీవోలో షిఫ్టులు చేస్తుంటాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మాత్రం కాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఇంటికొచ్చాక కంప్యూటర్ మొహం చూడబుద్ధి కాదు. మన అన్నకు ఇంటికొచ్చాకే అసలు డ్యూటీ మొదలవుతుంది.

ఆయనకున్నది ఒక్కటే ల్యాప్‌టాప్. అడిగితే మాత్రం "మన దగ్గర తొమ్మిది సిస్టమ్స్ ఉన్నయి" అంటాడు. అబద్ధం కాదు. కంప్యూటర్ లోపల కంప్యూటర్లను నడిపే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూపిస్తాడు. ఎడమ పక్కన వరసగా విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7, ఉబుంటు, మింట్, సీడాక్ వాళ్ల బాస్, హైదరాబాద్ వాళ్లే తెలుగు మెనూలతో తయారుచేసిన స్వేచ్ఛ, ఇంకా ఆయనకే పేరు గుర్తులేనివి రెండు మూడు. ఏ ఒక్కదానిలోనూ ఆయన ఉత్తరం ముక్క రాసిన దాఖలా లేదు. ఇన్‌స్టాలేషన్ పూర్తయి, డెస్క్‌టాప్ కనబడి, వాల్‌పేపర్ మార్చగానే దాంతో ఆయనకు పని తీరిపోతుంది. పదోదాని ఐఎస్ఓ ఫైలు డౌన్‌లోడ్‌కు పెట్టి పడుకుంటాడు.

ఇదంతా ఏమిటని అడిగిన పాపానికి నాకు ఒకసారి పాఠం చెప్పాడు. "చూడు తమ్మీ, ఇల్లు ఒకటే. కింద ఓనరు ఉంటడు, పైన పోర్షన్లు కిరాయికిస్తడు. ఒక్కో పోర్షన్‌కు వేరే తలుపు, వేరే తాళం. కిరాయాయన లోపల గోడకు మేకు కొట్టుకున్నా, సామాను పగలగొట్టుకున్నా ఓనరు పోర్షన్‌కు ఏం కాదు. గంతే, వీఎం అంటే, వర్చువల్ మెషిన్ అంటే." చెప్పడం బాగానే చెప్పాడు గానీ, అన్న ఇంటి వైశాల్యం ఎనిమిది జీబీ ర్యామ్. అందులో సగం ఓనరు విండోస్‌కే సరిపోదు. కొత్త మెషిన్ పెట్టేటప్పుడు దానికి ఎంత మెమరీ ఇవ్వాలో అడిగే గీత ఒకటి వస్తుంది. ఆకుపచ్చగా మొదలై చివర ఎర్రబడుతుంది. అన్న దాన్ని మౌసుతో పట్టుకుని ఎరుపు అంచు దాకా లాగి, కొంచెం వెనక్కి తెచ్చి, మళ్లీ ఓ వెంట్రుకవాసి ముందుకు జరిపి, ఊపిరి బిగబట్టి ఓకే కొడతాడు. కిరాయిదారు దిగీ దిగగానే కింద ఓనరు నీళ్లకు అల్లాడిపోతాడు. ఫ్యాను రొద మొదలవుతుంది. డిస్కు సంగతీ అంతే. యాభై జీబీ రాసిచ్చినా మొదట్లో నాలుగైదు జీబీలే పడుతుంది, వాడుకునేకొద్దీ పెరుగుతుంది. లోపల ఫైళ్లు తుడిచేసినా బయట ఆక్రమించిన జాగా మాత్రం తనంతట తాను తగ్గదు. ఖాళీ చేయించడానికి వేరే తతంగం ఉంది. కిరాయిదారులతో కష్టపడ్డ ఓనర్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

సాయంత్రం చాయ్ దగ్గర అన్న చరిత్ర విప్పుతాడు. ఇది నిన్నమొన్నటి విద్య కాదట. ఐబీఎం 1972లోనే వీఎం/370 అని తెచ్చి, గదంత కంప్యూటర్ ఒకటి పెట్టి, దాని ముందు కూర్చున్న ప్రతివాడికీ ఇదంతా నాదే అనే భ్రమ కలిగించిందట. ఇంటి కంప్యూటర్ల మీదికి దాన్ని 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ దించింది. జర్మనీలో ఇన్నోటెక్ అనే కంపెనీ 2007లో వర్చువల్‌బాక్స్‌ను ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది. మరుసటేడు సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొన్నది, 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. "ముగ్గురు ఓనర్లు మారిండ్రు, మనకు మాత్రం ఫ్రీనే" అని ముక్తాయింపు.

అదే బెంచీ మీద ఈసీఐఎల్‌లో రిటైరైన పెద్దాయన ఒకరు కూర్చుంటారు. 1969లో దేశంలోనే టీడీసీ-12 అనే పన్నెండు బిట్ల కంప్యూటర్‌ను తయారుచేసిన సంస్థ అది. అన్న ఉపన్యాసమంతా విని ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టారు. "మా కాలంల ఒక్క మెషిన్ నిలబెట్టుడే గగనమయ్యేది. నువ్వు ఉన్న ఒక్కదాంట్ల తొమ్మిది పెట్టినవ్. మరి ఒక్కటన్న పనిచేస్తదా?"

"అన్నీ పనిచేస్తయి అంకుల్. ఒకటే సారి కాదు."

"గట్ల చెప్పు."

పక్కనున్న ఆటో ఆయన అందుకున్నాడు. "ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ 2018ల మొదలుపెట్టిరి. ఏండ్లకేండ్లు పిల్లర్లే చూస్తిమి. ముందుగాల నీ డబ్బాల కట్టి చూసుకుంటే అయిపోవు గద అన్నా." అన్న నొచ్చుకోలేదు. సూచనను సీరియస్‌గానే తీసుకున్నట్టు తల ఊపాడు.

ఉచితం అన్న మాట మీద అన్నకున్నది ప్రేమ కాదు, పరిశోధన. ఏది ఎవరికి ఎంతవరకు ఫ్రీయో ఆయనకు తెలిసినంతగా కాలనీలో ఎవరికీ తెలియదు. వర్చువల్‌బాక్స్ అసలు ప్యాకేజీ ఇంట్లోనైనా షాపులోనైనా ఫ్రీ. దాని పక్కనే దొరికే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ మాత్రం సొంత వాడకానికీ, చదువుకూ, పరీక్షించి చూడడానికే ఫ్రీ. వ్యాపారానికి వాడాలంటే లైసెన్సు కొనాలి. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రోను బ్రాడ్‌కామ్ 2024 మే నెలలో సొంత వాడకానికి, నవంబర్‌లో అందరికీ ఫ్రీ చేసింది. హైపర్-వీ విండోస్‌తోనే వస్తుంది, కానీ ప్రో లాంటి ఎడిషన్లలోనే. అన్న ల్యాప్‌టాప్‌లో ఉన్నది హోమ్. అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం వేరే ఉంది, దాన్ని చూపుడువేలు లేపి చెబుతాడు. "డబ్బా ఫ్రీ. డబ్బాల పెట్టే విండోస్ ఫ్రీ కాదు. దానికి లైసెన్సు దానిదే." ఇంత తెలిసినవాడు ఇప్పటిదాకా ఆదా చేసింది ఎంత అని వదినను అడిగితే, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి సీటీసీలో కొనుక్కొచ్చిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు బిల్లు చూపిస్తుంది.

వదిన బాధ వేరు. ఒక రోజు కరెంటు బిల్లు కట్టడానికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. అన్న ఎక్స్‌పీని తెరిచిపెట్టి స్నానానికి వెళ్లాడు. తెలియక ఆ కిటికీ మీద ఒక్క క్లిక్కు కొట్టింది. అంతే, బాణం గుర్తు ఎక్స్‌పీ పచ్చిక మైదానంలో చిక్కుకుపోయింది. కుడికి తోస్తే అంచుదాకా వచ్చి ఆగుతుంది, పైకి తోస్తే పైన ఆగుతుంది, బయటికి మాత్రం రాదు.

"ఏమండీ, గీ బాణం బయటికొస్తలేదు!"

బాత్రూమ్‌లోంచి జవాబు. "కుడి దిక్కు కంట్రోల్ నొక్కు!"

"నొక్కిన! అయితలేదు!"

"ఎడమది నొక్కినవేమో! కుడిది! కుడిది!"

బిల్లు చివరికి ఫోన్‌లో కట్టింది. ఆ రోజు నుంచి కుడి కంట్రోల్ మీట మీద ఎర్రటి బొట్టు స్టిక్కరు ఒకటి ఉంది. ఎవరు అంటించారని అన్న ఇంతవరకు అడగలేదు, ఆమె చెప్పలేదు.

అన్నకు ప్రాణప్రదమైనది స్నాప్‌షాట్. మెషిన్ ఈ క్షణాన ఎలా ఉందో అలాగే దాచిపెట్టుకోవడం, తర్వాత ఏం చెడిపోయినా ఒక్క క్లిక్కుతో ఈ క్షణానికి తిరిగి రావడం. ఆయన దాచుకున్న వాటికి పెట్టుకున్న పేర్లు వరసగా ఇవి: 'పనిచేస్తుంది', 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్', 'దీన్ని ముట్టద్దు'. వర్చువల్ మెషిన్‌లో ఆయనంత ధైర్యవంతుడు లేడు. ఫైలు పేరు చూడగానే మనకు చెమటలు పట్టే వైరస్‌ను కూడా లోపలికి పిలిచి, ఏం చేస్తుందో చూస్తూ కూర్చుంటాడు. బయట మాత్రం పూర్తిగా వేరే మనిషి. హెచ్ఎండీఏ 2019లో ఉప్పల్ భగాయత్ ప్లాట్లు వేలం వేసినప్పుడు బావమరిది కలిసి పాడదామన్నాడు. అన్న కాగితం మీద లెక్కలు వేశాడు, జాగా చూసొచ్చాడు, వాస్తు అడిగాడు, ఆఖరికి వద్దన్నాడు. కారణం అడిగితే, "వెనక్కి వచ్చే దారి లేదు గద" అన్నాడు. టిఫిన్ సెంటర్‌లో కొత్త రకం దోశ ఆర్డర్ ఇవ్వడానికీ ఆయనకు ఇదే అభ్యంతరం.

వెనక్కి తిరిగొచ్చే దారి ఎవరికి కావాలో వాళ్లే ఆయన గడప తొక్కుతారు. ముందు బీటెక్ పిల్లలు. లైనక్స్ ల్యాబ్ ఉంది, ఉన్న విండోస్ చెడిపోకుండా నేర్చుకోవాలి. ఏ పిల్లాడు వచ్చినా అన్న అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "బయాస్‌ల వర్చువలైజేషన్ ఆన్ చేసినవా?" చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఆఫ్‌లో వస్తుంది. అది ఆన్ చేయక రాత్రంతా ఎర్రర్లతో కుస్తీ పట్టిన పిల్లాడు, ఆన్ చేయగానే ఉబుంటు తెరుచుకోవడం చూసి, ఇంటర్ ఫలితం వచ్చినప్పుడు కూడా నవ్వనంతగా నవ్వుతాడు.

తర్వాత విండోస్ 10 వాళ్లు. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు మద్దతు ముగించింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్పు ఉండాలంటుంది. కాలనీలో సగం పాత డబ్బాలకు ఆ యోగం లేదు. అన్న డబ్బాకూ లేదు. కానీ 2022లో వచ్చిన వర్చువల్‌బాక్స్ 7.0 లేని చిప్పును ఉన్నట్టు చూపించగలదు. దాంతో అసలు యంత్రానికి లేని అర్హత దాని కడుపులో ఉన్న యంత్రానికి వచ్చేసింది. అన్న విండోస్ 11ను తెరిచి, స్టార్ట్ బటన్ నొక్కి, మెనూ వచ్చేలోపు వచ్చినవాళ్లకు చాయ్ తాగించి పంపిస్తాడు.

ఇన్నేళ్లలో ఆయన విద్యకు నిజమైన పరీక్ష పెట్టింది మాత్రం నాచారంలో డీటీపీ షాపు నడిపే అక్క. ఆమె బతుకంతా విండోస్ ఎక్స్‌పీ మీద, పేజ్‌మేకర్ 7.0 మీద, అను ఫాంట్ల మీద నడుస్తుంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత దానికి కొత్త వెర్షన్ లేదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8నే సెలవిచ్చేసింది. ఆ పాత అను ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు, తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లిషు అక్షరాల జాగాలో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే వధువు పేరు ఉండాల్సిన చోట నోరు తిరగని ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. మాఘమాసం ముహూర్తాలు నెత్తిమీద ఉండగా ఒక పొద్దున అక్క కంప్యూటర్ ఆన్ కాలేదు. మదర్‌బోర్డు పోయింది. అలాంటి బోర్డు ఇప్పుడు దొరకదన్నారు. ఏళ్ల తరబడి కట్టుకున్న శుభలేఖల మోడళ్లన్నీ దాంట్లోనే ఉన్నాయి.

అన్న వచ్చి స్క్రూలు విప్పి హార్డ్ డిస్కు బయటికి తీశాడు. బతికే ఉంది. దాన్ని తన ల్యాప్‌టాప్‌కు తగిలించి, మొత్తం డిస్కును ఉన్నదున్నట్టు ఒక్క ఫైలుగా కాపీ చేశాడు. దానితో కొత్త వర్చువల్ మెషిన్ పెట్టి స్టార్ట్ కొట్టాడు. నీలం తెర వచ్చింది, తెల్ల అక్షరాల్లో 0x7B అని. అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్న మొహంలో మాత్రం వెలుగు వచ్చింది. ఎక్స్‌పీ పుట్టిన కాలానికి సాటా డిస్కు సంగతి తెలియదు, పాత ఐడీఈ పద్ధతిలో చూపిస్తేనే గుర్తుపడుతుంది. సెట్టింగుల్లో డిస్కును ఒక కంట్రోలర్ కింది నుంచి తీసి రెండోదాని కింద పెట్టి మళ్లీ స్టార్ట్ కొట్టాడు. ఈసారి పచ్చిక మైదానం కనిపించింది. యంత్రం మారిందని కనిపెట్టి విండోస్ లైసెన్సు అడిగింది. అక్క బీరువాలోంచి పసుపు పట్టిన ఒరిజినల్ సీడీ కవరు తెచ్చి ఇచ్చింది. పేజ్‌మేకర్ తెరిచారు. వినాయకుడి బొమ్మ కింద శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఒత్తులన్నీ ఎక్కడివక్కడే.

అన్న అదే మెషిన్‌ను అక్క వాళ్ల అబ్బాయి కొత్త కంప్యూటర్‌లోకి మార్చిపెట్టాడు. సెక్యూరిటీ అప్‌డేట్లు రాని ఎక్స్‌పీకి ఇంటర్నెట్ గాలి సోకకూడదని నెట్‌వర్క్ టిక్కు తీసేశాడు. తయారైన పీడీఎఫ్ బయటికి రావడానికి ఒక్క ఫోల్డర్ మాత్రం తెరిచి ఉంచాడు. ఎక్స్‌టెన్షన్ ప్యాక్ పెట్టలేదు, "ఇది షాపు" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. ఆ ఎక్స్‌పీ ఫైలు కాపీ ఒకటి ఇమ్మన్నాడు, కలెక్షన్ కోసం. అక్క ససేమిరా అంది. ఆ మోడళ్ల మీద పక్క గల్లీ షాపుకు కన్నుందట.

వారం తిరక్కుండా అన్న మళ్లీ షాపులో ప్రత్యక్షమయ్యాడు. ప్రూఫు చూసుకోవడానికి వచ్చిన పెళ్లివారు కుర్చీలన్నీ నింపి ఉన్నారు.

"అక్కా, వర్చువల్‌బాక్స్ కొత్త వెర్షన్ వచ్చింది. అప్‌డేట్ చేద్దమా?"

"తమ్మీ, నీకు దండం పెడత. మాఘమాసం అయ్యేదాక నా షాపు గడప తొక్కకు."

"సరే అక్కా, తొక్క. ఒక్క స్నాప్‌షాట్ తీసుకొని పోత."