నాన్ రియాక్టివ్ నాయకుడు

మనవాడికి ఏ జబ్బూ లేదు. ఆ సంగతి కూకట్‌పల్లిలో సగం ల్యాబ్‌లకు తెలుసు. నమ్మనిది మనవాడొక్కడే.

జరిగింది ఇంతే: గోవాలో ఒక రాత్రి, ఇద్దరి ఇష్టంతోనే, చిరగని కండోమ్‌తో. అంత జాగ్రత్తపరుడు తిరుగు బస్సెక్కగానే ఫోన్ తెరిచాడు. గొంతు నొప్పి హెచ్‌ఐవీకి ఒక లక్షణమని చదివాడు, గొంతు పట్టేసింది. (ఏసీ స్లీపర్‌లో దుప్పటి లేకుండా పడుకుంటే ఎవరికైనా పట్టేస్తుంది.) మెడ దగ్గర బిళ్లలు కడతాయని చదివాడు. రోజంతా నొక్కి చూసుకుంటే అక్కడ నిజంగానే నొప్పి పుట్టింది. సబ్బు, తువ్వాలు, కంచం వేరు పెట్టుకున్నాడు. కొడుక్కి శుభ్రత అబ్బిందని తల్లి మురిసిపోయింది. తిరుపతి వెళ్లి గుండు కొట్టించుకొచ్చేసరికి, భక్తి కూడా కుదిరింది కదా అని సంబంధాలు చూడటం మొదలుపెట్టింది.

ముద్దుతో, దోమతో, కంచంతో హెచ్‌ఐవీ రాదని అతనికీ తెలుసు. పరీక్ష పెడితే నూటికి నూరు. కానీ స్కూలు ఆటోలోంచి ఎయిడ్స్ ప్రచారపు పులిరాజా హోర్డింగులు చదివిన తరం అతనిది. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని ఊరంతా అడిగిన ప్రశ్నకు జవాబు తానేనేమోనని ఇన్నేళ్లకు అనుమానం.

ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి "మా ఫ్రెండుకండీ" అన్నాడు. ఫ్రెండు వయసెంతని అడిగితే తన పుట్టిన తేదీ చెప్పేశాడు.

72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులున్నాయని 73వ గంటలో చదివాడు. ఆ ఒక్క గంటను తలచుకుని వారం ఏడ్చాడు. "నీకు అవి అక్కర్లేదయ్యా" అని డాక్టరంటే, "నిజంగా అక్కర్లేదా, లేటయిందని అలా అంటున్నారా?" అన్నాడు. నాలుగో తరం ల్యాబ్ పరీక్ష 45 రోజులు దాటాక నెగటివ్ వస్తే ఇక నమ్మొచ్చని ఆయనే చెప్పాడు. మనవాడు 46వ రోజున చేయించాడు, మళ్లీ 47వ రోజునా చేయించాడు. మధ్యలో ఫిబ్రవరి వచ్చింది, లెక్క తప్పిందేమోనట.

అతన్ని చూసి పడీపడీ నవ్వే రూమ్మేట్ ఒకడున్నాడు. కండోమ్ మాటెత్తితే "ఏం కాదులే మామా" అంటాడు, ల్యాబ్ మెట్లు ఇంతవరకూ ఎక్కలేదు. నా బెంగంతా వాడి గురించే.

చివరికి మనవాడు సర్కారీ ఆసుపత్రిలోని ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్లాడు. అక్కడ పరీక్ష ఉచితం. మొదటి కిట్‌లో రియాక్టివ్ వస్తేనే ఇంకో రెండు రకాల కిట్లతో చూస్తారు. ఇతనిది మొదటిదానిలోనే నాన్ రియాక్టివ్ అని తేలిపోయింది. పెళ్లి భోజనంలో రెండో లడ్డూ అందనివాడిలా మొహం పెట్టాడు. "వాళ్లకు మూడు, నాకు ఒక్కటేనా మేడమ్?"

"నీకు ఏమీ లేదు తమ్ముడూ. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావా?"

"దానికి సైడ్ ఎఫెక్టులుంటాయట కదా మేడమ్."

కౌన్సెలర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "రిపోర్టు ఇచ్చాం. మాట చెప్పాం. ఇంకేం కావాలి నీకు?"

మనవాడు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఒక్కసారి గట్టిగా తిట్టండి మేడమ్. ఇంట్లో చెప్పుకోలేను."

"తిట్టడం మా డ్యూటీలో లేదు" అని ఆవిడ తర్వాతి టోకెన్ పిలిచింది.